పేరు ముందు ఒక్క అక్షరం: మన పేర్లు, ఇంటిపేర్లు వచ్చిన దారి



ఈ ఏడు వార్షికోత్సవ మలరు కాగితం మీద కాకుండా సెల్‌ఫోనులోనే చదువుకునే మాదిరి వస్తోంది. మంచిదే. అరుప్పుకోట్టైలో ఉన్నవాళ్లూ, తిరుప్పూరుకు పోయినవాళ్లూ, సింగపూరులో ఉన్నవాళ్లూ ఒకే రోజు చదవొచ్చు. దీనికి ఏదైనా చరిత్ర రాయమన్నారు. రాజుల చరిత్ర రాసేంత చదువు నాకు లేదు, నేను చదివింది ఎనిమిదో తరగతి. అయితే సహకార సంఘం సెక్రటరీగా నా చేతుల మీద ఎక్కువగా నడిచిన పని ఒకటుంది, పేర్లు రాయడం. మెంబర్ల రిజిస్టరు, నూలు ఇచ్చిన లెక్క, కూలి పట్టీ, పొదుపు ఖాతా, అన్నిట్లోనూ మొదటి గడి పేరుదే. అందుకని పేర్ల చరిత్రే రాస్తున్నా.

మా సంఘం పాత రిజిస్టరు తెరిస్తే చౌడయ్య, వీరన్న, గురవయ్య, లక్కమ్మ, నాగమ్మ అని కనబడతాయి. ఆ తర్వాతి రిజిస్టర్లో మురుగేశన్, మారియప్పన్, సౌందరవల్లి. ఇప్పటి బిడ్డల పేర్లు కవిన్, దర్శిని, యాషిక. మూడు తరాల్లో పేర్లు పూర్తిగా మారిపోయినాయి. అది తప్పని నేను చెప్పను. కాలం మారితే పేరు మారుతుంది, చీర అంచు మారినట్టే. కానీ పాత రిజిస్టర్లో చాలా పేర్ల ముందర ఇంకొక మాట ఉండేది. అది ఇంటిపేరు. ఇప్పుడు ఆ గడి ఖాళీ. ఆ పోయినదాని గురించే ఈ వ్యాసం.

మన చుట్టూ ఉన్న పేర్ల కథలు

కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు పేరు అంటే చిన్న సంగతి కాదు. ముందు విరుదునగర్నే చూడండి. తమిళంలో విరుదు అన్నా మన తెలుగులో బిరుదు అన్నా ఒకటే మాట. పూర్వం ఒక వీరుడు తాను గెలిచిన బిరుదులన్నీ చూపించుకుంటూ ఊరూరా సవాలు చేసుకుంటూ వచ్చినాడనీ, ఈ ఊరి మనిషి అతన్ని గెలిచి ఆ బిరుదులు తీసుకున్నాడనీ పెద్దలు చెప్తారు. అట్లా విరుదుపట్టి అయింది. వ్యాపారం పెరిగి పట్నం అయినాక 1923లో విరుదునగర్ అని మార్చుకున్నారు.

ఆ ఊర్లోనే 1903 జులై 15న కామరాజ్ పుట్టినారు. ఆయనకు మొదట పెట్టిన పేరు కామాక్షి, ఇంటి దేవత పేరు. తల్లి ముద్దుగా రాజా అని పిలిచేది. ఆ రెండూ కలిసి కామరాజ్ అయింది. ముఖ్యమంత్రిగా దేశమంతా తెలిసిన పేరులో ఒక సగం కులదైవం, ఒక సగం అమ్మ పిలుపు.

విరుదునగర్ మనిషే శంకరలింగనార్. మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని, ఇంకా కొన్ని కోరికలతో 1956 జులైలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. రెండున్నర నెలలు దాటినాక అక్టోబర్ 13న ప్రాణం విడిచినారు. ఆ పేరు 1969 జనవరి 14 నుంచి అమల్లోకి వచ్చింది. మన తెలుగువాళ్లకు పొట్టి శ్రీరాములు ఎట్లాగో, వాళ్లకు ఈయన అట్లా. ఒక పేరు కోసం మనిషి ప్రాణం ఇచ్చిన ఊరు మనకు పక్కనే ఉంది.

కోవిల్‌పట్టి నుంచి తిరునెల్వేలి పోయే దారిలో కయత్తారు వస్తుంది. 1799 అక్టోబర్ 16న వీరపాండ్య కట్టబొమ్మన్‌ను తెల్లవాళ్లు ఉరి తీసింది అక్కడే. కట్టబొమ్మన్ అనేది తమిళ పేరు అని మన బిడ్డలు అనుకుంటారు. ఆ వంశం తెలుగు మాట్లాడే వంశం. మూలపురుషుడి పేరు గెట్టి బొమ్ము అని, అదే తమిళ నోట్లో కట్టబొమ్ము, కట్టబొమ్మన్ అయిందని చెప్తారు. గెట్టి అంటే మన గట్టి. వాళ్లు కొలిచిన దేవత జక్కమ్మ. మన వీధుల్లో జక్కయ్య, జక్కమ్మ అనే పేర్లు ఒకప్పుడు బాగా వినబడేవి.

ఎట్టయపురం పాలెగాళ్ల కథ దీనికి తిరగేసిన కథ. వాళ్లూ తెలుగు వంశమే, పేరు మాత్రం తమిళం. ఎట్టు అంటే తమిళంలో ఎనిమిది. సోముడు అనే యోధుణ్ణి చంపినందుకు అతని ఎనిమిది మంది తమ్ముళ్లనూ సాకే బాధ్యత తీసుకున్నాడట వాళ్ల మూలపురుషుడు. ఎనిమిది మందికి అప్ప కాబట్టి ఎట్టప్ప అని వాళ్ల వంశకథ. ఒక తెలుగు పేరు తమిళం అయింది, ఒక తెలుగు వంశానికి తమిళ పేరు వచ్చింది. రెండూ ఇరవై ముప్పై మైళ్ల లోపలే జరిగినాయి.

కోవిల్‌పట్టి దగ్గర కామనాయకన్‌పట్టి ఉంది. 18వ శతాబ్దంలో అక్కడ ఇటలీ దేశపు పాదిరి ఒకాయన ఉండినారు. అసలు పేరు కాన్‌స్టాంటైన్ బెస్కీ. కాన్‌స్టాంటైన్ అంటే చలించనివాడు అని వాళ్ల భాషలో అర్థం. ఆయన ఇక్కడ ధైర్యనాథర్ అని పేరు పెట్టుకున్నారు, తర్వాత వీరమామునివర్ అయినారు. తమిళంలో కావ్యం, నిఘంటువు రాసింది ఆయనే. మనిషి కొత్త నేలకు పోతే పేరు కూడా కొత్త నేల బట్ట కట్టుకుంటుంది అనడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు.

మనం తెచ్చుకున్న పేర్లు

విజయనగర రాజుల కాలంలోనూ, 1529 నుంచి మధురను ఏలిన నాయకుల కాలంలోనూ తెలుగు, కన్నడ సీమల నుంచి జనం దక్షిణానికి వచ్చినారు. సేద్యగాళ్లు వచ్చినారు, సిపాయిలు వచ్చినారు, నేతవాళ్లూ వచ్చినారు. ఈ నల్లరేగడి నేలలో పత్తి పండుతుంది, పత్తి ఉన్నచోట నేతకు పని ఉంటుంది. మన సమాఖ్యలో తెలుగు మాట్లాడే దేవాంగులు ఉన్నారు, కన్నడ మాట్లాడే దేవాంగులు ఉన్నారు, పద్మశాలీలు ఉన్నారు. అందరూ కొంచెం సామాను, మగ్గం పనిముట్లు, ఒక దేవుడు, ఒక ఇంటిపేరు తెచ్చుకున్నవాళ్లే.

దేవుడి పేరే బిడ్డ పేరు. దేవాంగులకు మూలపురుషుడు దేవల మహర్షి, కులదైవం రామలింగ చౌడేశ్వరి. అందుకే మన ఇళ్లలో ఇంతమంది రామలింగాలు, చౌడప్పలు, చౌడమ్మలు. తమిళంలో చౌడమ్మను సౌండమ్మన్ అంటారు. అవ్వ చౌడమ్మ, కూతురు సౌండమ్మాళ్, మనవరాలు సౌందర్య. అందరూ ఒకే అమ్మవారి పేరిట పుట్టినవాళ్లే, సౌందర్యకు ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. పద్మశాలీల్లో మార్కండేయుడు, భావనారుషి, భద్రావతి పేర్లు అట్లాగే వచ్చినాయి. కన్నడ దేశంలో వచనాలు చెప్పిన జేడర దాసిమయ్యను దేవాంగులు మనవాడని గౌరవిస్తారు. జేడర అంటేనే నేసేవాడు. దేవుడి పేరు, పని పేరు కలిపి పిలిపించుకున్నాడు ఆయన.

మొదటి మనవడికి తాత పేరు పెట్టడం మన రివాజు. తమిళంలో మనవణ్ణి పేరన్ అంటారు కదా, దానికి అర్థం పేరు మోసేవాడు అని. తాత పేరు మోసేవాడే పేరన్. మన అవ్వలు తాత పేరున్న మనవణ్ణి పేరు పెట్టి తిట్టేవాళ్లు కాదు. మొగుడి పేరు నోట రాకూడదని "ఒరేయ్ అబ్బోడా" అని పిలిచేవాళ్లు.

ఇంకొక రకం పేర్లు ఉన్నాయి. వాటిని చూసి ఇప్పటి బిడ్డలు నవ్వుతారు. పిచ్చయ్య, పిచ్చమ్మ, పెంటయ్య, కుప్పయ్య, కుప్పమ్మ. వీటి వెనక ఏడుపు ఉంది. పుట్టిన బిడ్డలు వరసగా పోతా ఉంటే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి తీసుకొచ్చేవాళ్లు. ఇది మా బిడ్డ కాదు, కుప్పలో దొరికింది అని చావును ఏమార్చడానికి. ఇంకొకరి చేతుల్లో పెట్టి భిక్షగా తిరిగి తీసుకుంటే పిచ్చయ్య, పిచ్చమ్మ. చైనాలో కూడా పల్లెటూర్లలో కుక్క వదిలేసినవాడు అనే అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టేవాళ్లు, దయ్యం కన్ను పడకూడదని. తల్లి భయం ఏ దేశంలో అయినా ఒకటే. అందుకని మీ ఇంట్లో కుప్పమ్మ అనే అవ్వ ఉండి ఉంటే నవ్వొద్దు. ఆమె పేరు వాళ్ల అమ్మ పెట్టుకున్న మొక్కు.

ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన సుందర్ పిచై ఉన్నారు కదా, గూగుల్ కంపెనీ నడిపేవారు. 1972లో మధురలో పుట్టినారు. పిచై ఆయన ఇంటిపేరని అమెరికావాళ్లు అనుకుంటారు. అది నాయన పేరులోని మాట. తమిళంలో పిచ్చై అంటే భిక్ష. ఎక్కడో ఒక ముత్తవ్వ కాలంలో మొక్కుగా మొదలైన మాట మాదిరిది ఈరోజు అంత పెద్ద కంపెనీ తలుపు మీద ఉంది.

ఇంటిపేరు అంటే ఏంటి

పెట్టిన పేరు మనిషిది. ఇంటిపేరు వంశానిది. పడుగు ముందు ఎక్కించి ఉంటేనే పేక ఆడుతుంది. ఇంటిపేరు పడుగు, పెట్టిన పేరు పేక.

1909లో ఎడ్గర్ థర్‌స్టన్ అనే దొర, రంగాచారి అనే ఆయన తోడుతో, దక్షిణ దేశపు కులాల గురించి ఏడు సంపుటాల పుస్తకం వేసినారు. అందులో దేవాంగుల ఇంటిపేర్లు వరసగా ఉన్నాయి. కొన్ని ఇక్కడ రాస్తున్నా, మీది ఉందేమో చూసుకోండి. బొగ్గుల, బండ్ల, చల్ల, చింతకాయ, పిడకల, ఉట్ల, పసుపుల, కత్తి, కత్తిరి, కాటికల, పడవల, కొండ, ఎర్ర, ఆకాశం, పిచ్చిగ, వస్త్రాల. బొగ్గు, బండి, మజ్జిగ, పిడక, ఉట్టి, కాటుక, పిచ్చుక. చదువుతూ ఉంటే వంటింట్లో తిరిగినట్టు, వీధిలో నడిచినట్టు ఉంటుంది. రాజుల పేర్లు కావు ఇవి, పని చేసుకుని బతికినోళ్ల పేర్లు.

ఒక సంగతి గమనించండి. వేరే దేశాల్లో నేతగాడి వంశం పేరే నేతగాడు అని ఉంటుంది. జర్మనీలో వేబర్, ఇంగ్లండులో వీవర్, వెబ్‌స్టర్, హంగరీలో తకాచ్, ఉక్రెయిన్‌లో త్కచెంకో, మన దేశంలోనే ఒడిశా, అస్సాం వైపు తాంతి. అన్నిటికీ అర్థం నేసేవాడు, నేసేవాడి కొడుకు. మనకు వస్త్రాల మాదిరి ఒకటి రెండు తప్ప అట్లాంటివి ఎందుకు లేవు? నాకు తోచింది చెప్తాను. ఊర్లో అన్ని పనులవాళ్ల మధ్య ఒక్క నేతగాడు ఉంటే అతన్ని నేతగాడు అని పిలుస్తారు. మనం వీధి వీధంతా నేతవాళ్లమే. ఆ వీధిలో నేతాయన అని పిలిస్తే అందరూ తిరిగి చూస్తారు. అందుకే బొగ్గుల వాళ్లు, ఉట్ల వాళ్లు అని గుర్తు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంటిపేరు ముందు రాసి, పెట్టిన పేరు తర్వాత రాయడం తెలుగువాళ్ల పద్ధతి. ఇది మన ఒక్కరిదే కాదు. చైనా, జపాన్, కొరియా, హంగరీ దేశాల్లోనూ వంశం పేరే ముందు. ఇంగ్లీషువాళ్లకు అది చివర. బర్మావాళ్లకు వంశం పేరు లేనే లేదు. టర్కీ దేశంలో అయితే 1934లో చట్టం చేసి అందరూ ఇంటిపేరు పెట్టుకోవాలన్నారు. వాళ్ల నాయకుడు ముస్తఫా కెమాల్‌కు అతాతుర్క్, అంటే తుర్కుల తండ్రి అనే పేరు అప్పుడు వచ్చిందే. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క పద్ధతి, ఏదీ ఎక్కువా కాదు తక్కువా కాదు.

ఎట్లా జారిపోయింది

ఆంధ్రాలో ఎన్.టి.ఆర్. అంటే నందమూరి తారక రామారావు. మొదటి అక్షరం ఇంటిపేరు. ఇక్కడ ఎం.జి.ఆర్. అంటే మరుదూర్ గోపాలన్ రామచంద్రన్. అందులో రెండోది నాయన పేరు. తమిళనాడు పద్ధతి ఇది. ఊరు, నాయన పేరు, తన పేరు. ఇప్పుడు ఊరు కూడా పోయి నాయన పేరు ఒక్కటే ఇనీషియల్‌గా మిగిలింది.

ఈ పద్ధతిలో ఇంటిపేరుకు చోటు లేదు. బిడ్డను బళ్లో చేర్చేటప్పుడు అయ్యవారు అడిగేది రెండే మాటలు. బిడ్డ పేరేంటి, నాయన పేరేంటి. ఇంటిపేరు అడగలేదు, మనమూ చెప్పలేదు. ఎవరూ లాక్కోలేదు, గడి లేదు కాబట్టి జారిపోయింది.

ఇంకొక కారణం కూడా ఉంది. 1929లో చెంగల్‌పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహానాడులో పేరు చివర కులం తోక తీసేయాలని తీర్మానం చేసినారు. ఈ.వి. రామసామి నాయకర్ గారు, అంటే పెరియార్, తన పేరు చివర నాయకర్ తీసేసినారు. ఈరోడు ఊరు, నాయన వెంకటప్ప, ఆ రెండు అక్షరాలు ముందు ఉంచుకున్నారు. తమిళనాట పేరు చూసి కులం చెప్పలేని మాదిరి అయిందంటే దానికి అది పెద్ద కారణం. మంచి పనే. మన పేర్ల వెనక చెట్టియార్ పోయినందుకు నాకు బాధ లేదు. కానీ ఇంటిపేరు కులం తోక కాదు. బండ్ల, చల్ల అనేవి ఎన్నో కులాల్లో ఉంటాయి. వాటిని తీసేయమని ఎవరూ అడగలేదు. తోక తీసేటప్పుడు తల కూడా పోయింది.

అదే కాలంలో తమిళ పేర్ల ఉద్యమం వచ్చింది. రామయ్య అనే ఆయన అన్బళగన్ అయినారు, నారాయణసామి అనే ఆయన నెడుంజెళియన్ అయినారు. ఇద్దరూ మంత్రులుగా పనిచేసిన పెద్దలు. వాళ్లను చూసి ఊరూరా బిడ్డలకు కొత్త పేర్లు పెట్టినారు, మన వీధుల్లోనూ పెట్టినారు. బతికే నేల భాషలో పేరు పెట్టుకోవడం సహజం.

రాత సంగతి కూడా చెప్పాలి. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకు ఒకటే అక్షరం. తెలుగు తెలిసినవాళ్లు ఉన్నంతకాలం సరిగ్గా చదువుతారు. తెలియని అధికారి చదివితే బొగ్గుల వాళ్లు పొక్కుల వాళ్లు అయిపోతారు. బండ్ల వాళ్లు పండ్ల వాళ్లు అయిపోతారు, బండి పోయి పండు వస్తుంది. ఆ కాగితం చూసి ఇంగ్లీషులో రాస్తే ఇంక మన పేరు మనకే తెలియదు. ఇంత తంటా ఎందుకని వదిలేసినవాళ్లు ఉన్నారు.

వదలనివాళ్లూ ఉన్నారు. మన విరుదునగర్ జిల్లాలోనే రాజపాళయం రాజులను చూడండి. వాళ్లూ తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్లే. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారు రాజపాళయం మనిషి. పి.ఎస్. అంటే పూసపాటి సంజీవి. పూసపాటి ఇంటిపేరు, విజయనగరం రాజులదీ అదే. రాష్ట్రాన్ని నడిపిన మనిషి ఒక్క అక్షరంలో తన ఇంటిపేరు దాచుకున్నాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు.

కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ మనిషి కి. రాజనారాయణన్ గారు. తెలుగు ఇంట్లో పుట్టి, పెద్ద చదువులు చదవకుండా, ఈ కరిసల్ నేల మాటను తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి తీసుకున్నారు. ఆయన అసలు పేరులో శ్రీకృష్ణ, రాజనారాయణ, పెరుమాళ్, రామానుజం అన్నీ ఉండేవి. అంత పొడుగు పేరు చివరకు కి.రా. అని రెండు అక్షరాలు అయింది. అయితే పేరు చిన్నది చేసుకున్నా వచ్చిన దారిని ఆయన మరవలేదు. తెలుగు దేశం నుంచి ఇక్కడికి నడిచి వచ్చిన కుటుంబాల కథను గోపల్ల గ్రామం నవలగా రాసిపెట్టినారు. మన నేతవాళ్ల నడక మాత్రం ఇంకా రాయవలసి ఉంది.

పోతే ఏమి నష్టం

"ఇంటిపేరు లేకపోతే కూడు దిగదా తాతా?" అని ఒక పిలగాడు నన్ను అడిగినాడు. దిగుతుంది. కానీ రెండు సంగతులు చెప్తాను, పేర్లు చెప్పను.

ఒకటి పెండ్లి సంగతి. ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నదమ్ముల బిడ్డలు, వాళ్ల మధ్య పెండ్లి లేదు. కొన్నేళ్ల కింద కోవిల్‌పట్టి వైపు పిల్లవాడికీ అరుప్పుకోట్టై వైపు అమ్మాయికీ సంబంధం కుదిరింది. ఇంటిపేరు అడిగితే రెండు వైపులా తెలియదన్నారు. సరే ఇంత దూరంలో ఉన్నారు, ఏమీ కాదులే అనుకున్నారు. పత్రికలు కూడా పంచినారు. పెండ్లికి పది రోజుల ముందు మంచంలో ఉన్న ఒక అవ్వ రెండు వైపుల తాతల పేర్లూ అడిగి, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరని తేల్చింది. పెండ్లి ఆగిపోయింది. ఆ ఇద్దరు బిడ్డల తప్పు ఏముంది? ఒక నోటు పుస్తకంలో ఒక్క వరస రాసి ఉంటే పెండ్లి చూపుల దాకా కూడా పోయేది కాదు. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె తలలో ఉన్నదంతా ఆమెతోనే పోయింది.

రెండోది కాగితం సంగతి. ఒకామె పేరు మా రిజిస్టర్లో లక్కమ్మ. రేషన్ కార్డులో లక్కమ్మాళ్. ఆధార్లో లక్ష్మి. మొగుడు చనిపోయినాక ఆయన ఖాతాలో డబ్బు కోసం పోతే, ముగ్గురూ ఒకరే అని నిరూపించమన్నారు. ఎనిమిది నెలలు తిరిగింది. చివరకు మా పాత షేరు రిజిస్టర్లో ఇంటిపేరుతో సహా ఆయన పేరు, కింద భార్య లక్కమ్మ అని రాసిన వరస నకలు చూపించినాకే పని అయింది. అదే పేరు, అదే నాయన ఇనీషియలు ఉన్నవాళ్లు మన వీధుల్లో ఎంతమందో. వాళ్లల్లో ఆయన్ని వేరు చేసి చూపించింది ఇంటిపేరు ఒక్కటే.

ఆడబిడ్డల సంగతి ఇంకా కష్టం. పెండ్లికి ముందు నాయన ఇనీషియలు, పెండ్లి తర్వాత మొగుడి ఇనీషియలు. ఆమె ఏ ఇంటి బిడ్డో చెప్పే గుర్తు ఎక్కడా మిగలదు. పూర్వం "ఫలానా వాళ్ల ఆడబిడ్డ" అనేవాళ్లు, సారె ఆ పేరు మీదనే పోయేది. రెండు వేల ఏళ్ల కింద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి పేరు ముందు పెట్టుకుని రాజ్యం చేసినాడు. మన ఇంటి ఆడవాళ్ల పుట్టింటి పేరు ఒక పుస్తకంలో కూడా లేకుండా పోవడం న్యాయమేనా?

ఏమి చేయొచ్చు

ఐస్‌లాండ్ అని ఒక చిన్న దేశం ఉంది. అక్కడ ఎక్కువమందికి ఇంటిపేరు లేదు, మన తమిళనాడు మాదిరే నాయన పేరే. జోన్ కొడుకు జోన్సన్, జోన్ కూతురు జోన్స్‌దోత్తిర్. అయినా ఎవరు ఎవరికి ఏమవుతారో వాళ్లకు తెలుసు, ఎందుకంటే ఆ దేశం జనమంతటి వంశావళి కంప్యూటర్లో రాసిపెట్టుకున్నారు. దాని పేరు ఇస్లెండింగబోక్. పేరులో లేనిది పుస్తకంలో పెట్టుకున్నారు. మనమూ అదే చేయొచ్చు. పెద్ద ఖర్చు లేదు.

ఒకటి, ప్రతి ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఇంటిపేరు, గోత్రం, కులదైవం, తాతలు ఉన్న ఊరు, ఆడవాళ్ల పుట్టింటి పేరు. కన్నడ మాట్లాడేవాళ్లు మీ వంగుసం పేరు రాయండి. తెలుగు అక్షరం వచ్చినవాళ్లు తెలుగులో రాయండి, పక్కనే తమిళంలోనూ రాయండి, పలికే మాదిరి. తెలుగు చదవలేని బిడ్డ రేపు దాన్ని చదవాలి.

రెండు, ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ, తాత ఉంటే ఈ వారంలోనే కూర్చోబెట్టి అడగండి. వచ్చే పండగకు అడుగుదాం అనొద్దు. సెల్‌ఫోనులో వాళ్ల గొంతు పట్టి పెట్టండి.

మూడు, కొత్తగా పుట్టే బిడ్డకు మీకు నచ్చిన పేరే పెట్టండి. కవిన్ అనండి, దర్శిని అనండి. కానీ పుట్టిన సర్టిఫికెట్ రాయించేటప్పుడు నాయన ఇనీషియలు ముందు ఇంటిపేరు అక్షరం ఒకటి చేర్చండి, పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా గారి మాదిరి. పేరు రాయించకుండా పుట్టుక మాత్రం నమోదు చేసి ఉంటే 15 ఏళ్ల లోపల పేరు చేర్చుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలు ఎట్లా రాసినా సరే, బర్త్ సర్టిఫికెట్, ఆధార్, బడి రికార్డు, బ్యాంకు, నేతగాళ్ల గుర్తింపు కార్డు, అన్నిట్లోనూ ఒకే మాదిరి ఉండాలి. పాస్‌పోర్టుకు పోయినప్పుడు ఇంటిపేరు ఏంటని అడిగితే మన బిడ్డలు నాయన పేరో, సగం తన పేరో రాసి తికమక పడుతున్నారు. ఆ గడిలో రాయడానికి మనకు అసలైన మాట ఉంది.

నాలుగు, సహకార సంఘాల పాత రిజిస్టర్లు చెదలు తినకముందే ఫొటోలు తీయించాలని సమాఖ్య పెద్దలను కోరుతున్నా. మన పేర్లకు అంతకంటే పెద్ద సాక్ష్యం వేరే లేదు. మా సంఘం రిజిస్టర్లు నేనే తీసి ఇస్తాను, పిలగాళ్లను పంపించండి.

మనవాళ్లు ఇక్కడికి వచ్చేటప్పుడు రాళ్ల మీద శాసనాలు చెక్కించలేదు, కోటలు కట్టలేదు. నేసిన బట్ట చిరిగిపోయింది. మగ్గాలు కూడా ఒక్కొక్కటే నిలిచిపోతున్నాయి. వాళ్లు వచ్చిన దారిని చూపించేది ఇంటిపేరు ఒక్కటే మిగిలి ఉంది. అది ఒక్క అక్షరం అంత చిన్నది. ఈ మలరు వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది. అప్పటికి మీ మీ ఇంటిపేరు, దాని అర్థం, తాతల ఊరు రాసి సమాఖ్యకు పంపితే, వచ్చే మలరులో మన ఇంటిపేర్ల పట్టీ మొత్తం వేసుకుందాం.